ట్యూబు పుట్టీని పల్చన చేయడం: ఏ థిన్నర్, ఎంత, ఎక్కడెక్కడ?

డెల్టా_రెక్క:

అందరికీ నమస్కారం. బల్ల మీద ఉన్నది 1/72 (అసలు కొలతలో 72వ వంతు) మిగ్-21ఎఫ్ఎల్ యుద్ధవిమానం, పాత అచ్చు ప్లాస్టిక్ మోడల్ కిట్టు. మన వాయుసేనలో తొలిరోజుల్లో ఎగిరినట్టు, పైన రంగేమీ లేని అల్యూమినియం ఒంటితో పూర్తిచేయాలని ఉంది. అందుకే నునుపు గురించి ఇంత పట్టింపు.

రెక్క, ఫ్యూజిలాజ్ (విమానం మొండెం) కలిసే చోట ఎడమవైపు దాదాపు అర మిల్లీమీటరు సందు ఉంది, కుడివైపు అందులో సగం. వీపు మీద, పొట్ట కింద రెండు సగాలు అతికిన గీత గోటికి తగులుతోంది. ముక్కు రింగు (ముందు గాలి లోపలికి పోయే చోటి అంచు) దగ్గర చిన్న మెట్టు. రెక్క మీద ఒకచోట అచ్చులోనే ప్లాస్టిక్ లోపలికి పీక్కుపోయిన పల్లం, వెలుతురు పక్కనుంచి పడితేనే కనిపించేంత.

దగ్గరున్న సరుకు: టమియా బేసిక్ పుట్టీ (బూడిద రంగు ట్యూబు), టమియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ (ప్లాస్టిక్‌ని అతికించే పల్చటి జిగురు), మిస్టర్ కలర్ లెవెలింగ్ థిన్నర్, మెడికల్ షాపులో కొన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (ఐపీఏ), కార్ల పెయింట్ కొట్లో దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్.

ట్యూబులోంచి తీసి నేరుగా రాస్తే పుట్టీ స్పాచులాకే అంటుకుని వెనక్కి వచ్చేస్తోంది, సందులోకి దిగట్లేదు. అరగదీస్తే అంచులు పెచ్చులుగా లేస్తున్నాయి. ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) కొట్టాక సూదిమొనంత గుంటలు బయటపడుతున్నాయి. పల్చన చేస్తే ఇవన్నీ పోతాయని చాలాచోట్ల రాశారు గానీ, దేంతో పల్చన చేయాలి, ఎన్ని చుక్కలు, ఎంతసేపు ఆరాలి అన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. అనుభవం ఉన్నవాళ్ళు వివరంగా చెప్పగలరా?


ప్రైమర్_గ్రే:

ముందు థిన్నర్ సంగతి తేల్చుకుందాం అండీ. అది తేడా కొడితే మిగతా పని ఎంత శ్రద్ధగా చేసినా ప్లాస్టిక్కే పాడవుతుంది.

టమియా బూడిద పుట్టీ లాకర్ రకం. అందులో ఉండేది సన్నటి పొడి, ఆ పొడిని పట్టి ఉంచే రెసిన్, ఆ రెసిన్‌ని మెత్తగా ఉంచే సాల్వెంట్. ఆరడమంటే సాల్వెంట్ ఎగిరిపోవడమే. అందుకే పూర్తిగా ఆరాక కూడా థిన్నర్ తగిలితే మళ్ళీ కరుగుతుంది. తుడిచి సరిచేసుకోవడానికి ఇది మనకు అనుకూలమే. చిక్కల్లా ఏమిటంటే, ఆ రెసిన్‌ని కరిగించే సాల్వెంట్లలో చాలావాటికి కిట్టు ప్లాస్టిక్, అంటే పాలిస్టైరీన్ కూడా లొంగిపోతుంది. పుట్టీ కరగాలి, ప్లాస్టిక్ మాత్రం పైపైనే తడవాలి. ఈ లెక్కలో మీ దగ్గరున్నవి చూద్దాం.

లెవెలింగ్ థిన్నర్: మీ దగ్గరున్న వాటిలో ఇదే సరైనది. మామూలు మిస్టర్ కలర్ థిన్నర్, టమియా లాకర్ థిన్నర్ కూడా బాగానే పనిచేస్తాయి. లెవెలింగ్ రకంలో ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ కలిపి ఉంటుంది. పుట్టీ సర్దుకోవడానికి సమయం దొరుకుతుంది, దానికి తగ్గట్టు ఆరడానికీ ఎక్కువసేపు పడుతుంది.

ఎక్స్‌ట్రా థిన్: ఇందులో ఉండేవి అసిటోన్, బ్యూటైల్ అసిటేట్. పుట్టీని చక్కగా పల్చన చేస్తుంది, ప్లాస్టిక్‌ని కొరికి గట్టిగా పట్టుకుంటుంది. కానీ కింద మెత్తబడిన ప్లాస్టిక్ మళ్ళీ గట్టిపడేదాకా ఆగాలి. అది గంటల్లో అయ్యే పని కాదు, రోజులు పడుతుంది.

ఎన్‌సీ థిన్నర్: మోడల్ దగ్గరికి రానివ్వకండి. టొలుయీన్, అసిటోన్ లాంటివి కలిపిన మిశ్రమం, ఏది ఎంత ఉందో కంపెనీకో రకం. సన్నటి ప్లాస్టిక్ మీద వెంట్రుకంత బీటలు వేయిస్తుంది. స్టీలు స్పాచులాలు కడుక్కోవడానికి ఉంచుకోండి.

నెయిల్ పాలిష్ రిమూవర్: సీసా మీద ఏం రాసుందో చదవండి. అసిటోన్ ఉంటే వద్దు. అసిటోన్ లేని రకాల్లో ఎక్కువగా ఇథైల్ అసిటేట్ ఉంటుంది. దాన్ని కలపడానికి వాడకుండా, పైన మిగిలిన పుట్టీని తుడవడానికి మాత్రమే, అదీ ఇయర్ బడ్ కొస తడిపి, పిండేసి వాడాలి. నూనె, సెంటు కలిపిన రకమైతే ఆ జిడ్డు మీద ప్రైమర్ నిలవదు, కాబట్టి చివర ఐపీఏతో ఒకసారి తుడిచేయండి.

ఐపీఏ: ఈ పుట్టీతో సరిగా కలవదు. తుడుపుకి, జిడ్డు తీయడానికి పనికొస్తుంది.

ఇక పాళ్ళు. శనగగింజంత పుట్టీ తీసుకున్నారనుకోండి. దానికి 2-3 చుక్కలు వేస్తే స్పాచులాతో సాఫీగా పరుచుకుంటుంది, సందులోకి ఒత్తితే దిగుతుంది. 6-8 చుక్కలు వేస్తే పుట్టీ, థిన్నర్ దాదాపు సమానమవుతాయి, కుంచెతో పూయొచ్చు. సరిగ్గా కుదిరిందో లేదో చూడాలంటే టూత్‌పిక్ ముంచి పైకెత్తండి. కొసన బొట్టు కాసేపు ఆగి, ఒకటి రెండు సెకన్లకు జారితే కుంచెకు సరిపోయినట్టు. ఎత్తగానే కారిపోతే థిన్నర్ ఎక్కువైంది. అసలు జారకపోతే ఇంకో చుక్క వేయండి. డ్రాపర్‌తో ఒక్కో చుక్కే వేస్తూ పోవాలి. సీసా వంచి పోస్తే లెక్క తప్పుతుంది.

కలపడానికి గాజు ముక్క, పింగాణీ టైలు, స్టీలు మూత వంటివి వాడండి. వాడిపారేసే ప్లాస్టిక్ కప్పుల్లో కొన్ని పాలిస్టైరీనే, థర్మోకోల్ కూడా అంతే. థిన్నర్ పోస్తే కప్పు కరిగి పుట్టీలో కలుస్తుంది.

మీకు కనిపించిన సూదిమొన గుంటలు చాలావరకు కలపడంలోనే పుడతాయి. గిరగిరా తిప్పితే గాలి లోపల చిక్కుకుంటుంది. పుట్టీని టైలు మీద పల్చగా పరిచి, చుక్క వేసి, స్పాచులా వెనకవైపుతో నొక్కుతూ మడతపెట్టినట్టు కలపాలి. కలిపాక ఒకటి రెండు నిమిషాలు వదిలేస్తే బుడగలు పైకి వచ్చి పగులుతాయి. ఆ తర్వాతే కుంచె ముంచండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. మీరు కలిపిన ప్రతి చుక్కా మళ్ళీ బయటికి పోవాల్సిందే. సమానంగా కలిపితే, మీరు పెట్టిన దాంట్లో సగం ఆ థిన్నరే. దానికి తోడు ట్యూబులో ముందే ఉన్న సాల్వెంట్ కూడా పోతుంది. మిగిలేది సగం కంటే తక్కువ. అంటే పల్చటి పుట్టీ గీతలకి, గుంటలకి, అంచులు కలపడానికి పనికొస్తుంది. సందు నింపడానికి పనికిరాదు. అర మిల్లీమీటరు సందులో దీన్ని పోస్తే పైన పొర ముందు ఆరుతుంది, లోపల సాల్వెంట్ చిక్కుకుంటుంది, మీరు అరగదీసి రంగు వేసిన వారానికో పది రోజులకో నెమ్మదిగా కుంగి గీత మళ్ళీ తేలుతుంది.

కాబట్టి ఎడమవైపు సందుని ముందు ప్లాస్టిక్‌తోనే మూయండి. 0.5 మి.మీ. స్టైరీన్ స్ట్రిప్ దొరికితే సరే, లేకపోతే అదే కిట్టు రన్నర్‌ని (ముక్కలను పట్టి ఉంచే ప్లాస్టిక్ కాడని) సెగ మీద సాగదీసి తీగలా చేసి సందులో కూర్చి ఎక్స్‌ట్రా థిన్ పారించండి. ఒక రోజు ఆగి, ఫ్యూజిలాజ్‌తో సమంగా కోసేయండి. కుడివైపు పావు మిల్లీమీటరు సందుకి 0.25 మి.మీ. షీటు ముక్క చాలు. ఆ తర్వాత మిగిలే కొద్దిపాటి పల్లానికి థిన్నర్ కలపని పుట్టీ, దాని మీద చివరి పూతగా పల్చటి పుట్టీ.

ఒక హెచ్చరిక. పైన సందు మూసుకోవడానికి రెక్కల కొసలను పైకి లాగి టేపు బిగించే పద్ధతి చాలామంది చెబుతారు. మిగ్-21 రెక్క సుమారు 2 డిగ్రీలు కిందికి వాలి ఉంటుంది. టేపు లాగితే సందు మూసుకుంటుంది గానీ ఆ వాలు పోయి విమానం ఆకారమే మారిపోతుంది. దీనికి ఆ పద్ధతి వద్దు.


అతుకు_పని:

పైన చెప్పినదానితో ఏకీభవిస్తూనే రెండు విషయాలు కలుపుతాను.

ఒకటి, టేపు. పల్చటి పుట్టీ చుట్టుపక్కల ఉన్న ప్యానెల్ గీతల్లోకి (అసలు విమానం రేకుల అతుకులని చూపే సన్నటి గాడుల్లోకి), రివెట్లలోకి పారిపోతుంది. 1/72లో ప్యానెల్ గీత ఎంతుంటుంది, ఒకటి రెండు పదో వంతుల మిల్లీమీటరు. ఒక్క పూతకే పూడిపోతుంది. అందుకని సందుకి రెండు పక్కలా మిల్లీమీటరు వదిలి మాస్కింగ్ టేపు వేయండి. టేపు అంచుని గోటితో గట్టిగా నొక్కాలి, లేకపోతే పల్చటి పుట్టీ దాని కిందికి దూరుతుంది. పుట్టీ పెట్టాక టేపుని ఆరేదాకా ఉంచకండి. పైన మెరుపు తగ్గుతుండగానే, పుట్టీ ఇంకా మెత్తగా ఉన్నప్పుడే, టేపుని దాని మీదికే మడిచినట్టు వెనక్కి లాగుతూ తీసేయండి. ఆరాక తీస్తే అంచు టేపుతో పాటు లేస్తుంది. మీరు చెప్పిన పెచ్చులకి ఇదొక కారణం కావచ్చు. రెండో కారణం, అడుగున నున్నటి ప్లాస్టిక్. పుట్టీ పెట్టేముందు 400 నంబరు గరుకు పేపర్‌తో ఆ పట్టీని తేలిగ్గా గరుకు చేసి, ఐపీఏతో తుడవండి. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు కొత్త కిట్టు మీద తరచుగా ఉంటుంది.

రెండోది, తుడుపు పద్ధతి. రెక్క మొదట్లో పేపర్ తిప్పడానికి చోటుండదు. అక్కడ అరగదీసే కంటే తుడిచేయడం మేలు. దీనికి ట్యూబు పుట్టీని పల్చన చేసే బదులు మిస్టర్ సర్ఫేసర్ 500 సీసా తెచ్చుకోండి. పల్చన చేసిన పుట్టీ లాంటిదే, కానీ పొడి రేణువులు ఒకే తీరుగా ఉంటాయి. సన్నటి కుంచెతో సందు వెంట పారించి, అరగంట నుంచి గంట ఆరనివ్వండి. ఆ తర్వాత ఇయర్ బడ్‌ని గాఢమైన ఐపీఏలో తడిపి, గుడ్డకి అద్ది, సందుకి అడ్డంగా తేలిగ్గా తుడవండి. సందు పొడవునా తుడిస్తే బడ్ లోపలికి దిగి నింపినదాన్ని లాగేస్తుంది. అడ్డంగా తుడిస్తే పైకి ఉన్నది పోయి లోపలిది నిలుస్తుంది. ఐపీఏ పాలిస్టైరీన్ జోలికి పోదు, సర్ఫేసర్‌ని నెమ్మదిగా మాత్రమే కదిలిస్తుంది, అందుకే ఇది భయం లేని పద్ధతి. మెడికల్ షాపులో 70 శాతం రకం ఇస్తారు, మిగతాది నీళ్ళు. దాంతో చాలాసేపు రుద్దాల్సి వస్తుంది. 99 శాతం రకం ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కొట్లలో దొరుకుతుంది.

బడ్ మురికిపట్టగానే మార్చండి. పాత బడ్‌తో రుద్దితే తీసిన పుట్టీనే మళ్ళీ పక్కన పూస్తున్నట్టు.

కానోపీ (పైలట్ మీద ఉండే పారదర్శక మూత) గాజు దగ్గర మాత్రం లాకర్ పుట్టీ గానీ సర్ఫేసర్ గానీ వద్దు. పారదర్శక ప్లాస్టిక్ పెళుసు, సాల్వెంట్ ఆవిరికే మసకబారుతుంది, అంచుల్లో బీటలిస్తుంది. అక్కడ వలేహో ప్లాస్టిక్ పుట్టీ వాడండి. నీటి రకం కాబట్టి పల్చన చేయడానికి నీళ్ళు చాలు, ఒకటి రెండు చుక్కలు. సందులో పెట్టి, పైపొర కట్టకముందే తడి బడ్‌తో తుడిచేస్తే అంచు దానంతటదే కలిసిపోతుంది. దీన్ని అరగదీద్దామని మాత్రం అనుకోవద్దు. ఆరినా కాస్త రబ్బరులా ఉంటుంది, పేపర్ తగిలితే అంచులు చుట్టుకుపోతాయి. తుడుపుతోనే పని పూర్తికావాలి.


లప్పం_బ్రష్:

థ్రెడ్ చదివేవాళ్ళలో చాలామందికి టమియా ట్యూబు అందుబాటులో ఉండదు కాబట్టి మన దగ్గర దొరికేవాటి గురించి.

కార్ల పెయింట్ కొట్లో ఎన్‌సీ పుట్టీ డబ్బాల్లో అమ్ముతారు. ఇది నైట్రోసెల్యులోజ్ లాకర్ పుట్టీయే, మోడల్ పుట్టీకి దగ్గరి చుట్టం. ఇబ్బందులు రెండు. దాని సాల్వెంట్ ఘాటుగా ఉంటుంది, ఉత్త పాలిస్టైరీన్ మీద మందంగా పెడితే ప్లాస్టిక్ ఉబ్బి ఆకారం మారుతుంది. పొడి రేణువు కూడా పెద్దది. కారు తలుపుకి అది కనిపించదు, 1/72 రెక్క మీద కనిపిస్తుంది. వాడక తప్పదంటే ముందు ఆ చోట మోడల్ ప్రైమర్ కొట్టి పూర్తిగా ఆరనిచ్చి, పుట్టీని మిస్టర్ కలర్ లేదా టమియా లాకర్ థిన్నర్‌తో పల్చన చేసి, కాగితమంత పొరలుగా వేయండి. ఒక పొరకీ ఇంకో పొరకీ మధ్య కనీసం రెండు మూడు గంటలు ఉండాలి. రెసిన్ కిట్లకయితే ఈ భయం అంతగా లేదు, రెసిన్ ఈ సాల్వెంట్లకి తట్టుకుంటుంది.

రెండు భాగాలుగా వచ్చే పాలిస్టర్ పుట్టీ, అంటే హార్డెనర్ ట్యూబు కలిపి వాడేది, దాన్ని థిన్నర్‌తో పల్చన చేయకండి. అది ఆరేది సాల్వెంట్ ఎగిరిపోయి కాదు, హార్డెనర్‌తో చర్య జరిగి. మధ్యలో థిన్నర్ చేరితే ఆ చర్య సరిగా జరగదు. పైన గట్టిగా, లోపల జిగటగా మిగిలిపోతుంది. పెద్ద పల్లాలకి దాన్ని ఉన్నదున్నట్టుగా పెట్టి, పైన నునుపుకి లాకర్ పుట్టీ పల్చగా పూయడమే పద్ధతి. ఎపాక్సీ పుట్టీ, మిల్లిపుట్ లాంటిది, ఇంకో దారి. అది కుంచించుకుపోదు. మెత్తగా ఉన్నప్పుడే నీళ్ళతో తడిపిన వేలితో నిమిరితే అంచు కలిసిపోతుంది, గట్టిపడ్డాక అరగదీయాల్సింది చాలా తక్కువ.

గోడలకి వేసే లప్పం గురించి కూడా అడుగుతుంటారు. ప్లాస్టిక్‌ని అది పట్టుకోదు. ఆరగానే పలకలుగా ఊడిపోతుంది. అందులో చర్చేమీ లేదు.

పేపర్ల విషయానికొస్తే, హార్డ్‌వేర్ కొట్లో నల్లటి వాటర్ పేపర్ అడగండి. చెక్కకి వాడే గోధుమరంగు గరుకు కాగితం కాదు. లాకర్ పుట్టీకి 400తో మొదలుపెట్టి, 600, 800, 1000. నీళ్ళలో ఒక బొట్టు గిన్నెల సబ్బు వేసుకుంటే పేపర్ పూడిపోదు, దుమ్ము ఊపిరిలోకి పోదు. పేపర్‌ని వేలికి చుట్టి రుద్దకండి. పుట్టీ మెత్తన, ప్లాస్టిక్ గట్టిన. వేలు మెత్తగా ఉంటుంది కాబట్టి పుట్టీ ముందు అరిగి, అతుకు మీదే కాలువ పడుతుంది. పేపర్‌ని ఐస్‌క్రీమ్ పుల్లకి అంటించి రుద్దితే రెండూ ఒకే ఎత్తుకి వస్తాయి. వీపు లాంటి గుండ్రటి చోట పుల్లని అతుకుకి ఐమూలగా నడపండి, గుండ్రం చదునై పోకుండా.


డెల్టా_రెక్క:

అందరికీ కృతజ్ఞతలు. చాలా స్పష్టంగా ఉంది. ఇంకో మూడు సందేహాలు.

వీపు అతుకుని ప్యానెల్ గీతలు అడ్డంగా దాటుతాయి. పుట్టీ అరగదీశాక అక్కడ గీత మళ్ళీ గీయాలి. స్క్రైబర్ (గీత గీసే మొన పనిముట్టు) తగిలితే పుట్టీ రాలిపోతుందని విన్నాను, నిజమేనా? ఉత్త లోహపు రంగు కింద పుట్టీ ఉన్నచోటు వేరేగా కనిపించకుండా ఏం చేయాలి? ఇక్కడ విశాఖలో వానాకాలం, గాలిలో తేమ బాగా ఉంది. ఆరే సమయం ఎంత పెంచాలి?


ప్రైమర్_గ్రే:

రాలిపోతుంది, నిజమే. లాకర్ పుట్టీ సుద్దలాంటిది. స్క్రైబర్ మొన దాటేటప్పుడు గీత అంచు చిట్లుతుంది, ప్లాస్టిక్‌లోంచి పుట్టీలోకి వెళ్ళగానే మొన లోతుకి దిగిపోతుంది. గీతలు దాటే చోట్ల పుట్టీ పెట్టకండి. అక్కడ సూపర్ గ్లూ, పిల్లల టాల్కమ్ పౌడర్ సమానంగా కలిపి టూత్‌పిక్‌తో పెట్టండి. ఇది కుంచించుకుపోదు, గీసినప్పుడు అంచు నిలుస్తుంది. ఒక షరతు. గట్టిపడగానే, అరగంట నుంచి గంటలోపు అరగదీసేయాలి. రాత్రంతా వదిలేస్తే ప్లాస్టిక్ కంటే గట్టిగా తయారవుతుంది, దాన్ని అరగదీసేలోపు చుట్టుపక్కల ప్లాస్టిక్ అరిగిపోతుంది. పౌడర్ కలిపేది అందుకే, కాస్త మెత్తగా ఉంటుంది.

ఇంకో దారి రన్నర్ ముక్కలు. అదే కిట్టు రన్నర్‌ని సన్నగా తరిగి, సగం ఖాళీ అయిన ఎక్స్‌ట్రా థిన్ సీసాలో వేసి ఒక రాత్రి వదిలేస్తే ద్రవ ప్లాస్టిక్ తయారవుతుంది. అతుకులో పూస్తే ఆరాక అది కూడా కిట్టు ప్లాస్టిక్కే, గీయడానికి తేడా తెలియదు. కానీ ఇందులో సాల్వెంట్ చాలా ఎక్కువ, వారం రోజులు ఆగే ఓపిక ఉంటేనే వాడండి. రెక్క మీద మీకున్న ఆ పల్లానికి ఇది అసలు వద్దు. వెడల్పుగా పూస్తే కింద ప్లాస్టిక్ మెత్తబడి పల్లం ఇంకా పెరుగుతుంది. అక్కడ 6-8 చుక్కల లెక్కలో పల్చన చేసిన పుట్టీ, పల్లం కంటే కొంచెం వెడల్పుగా, రెండు మూడు పూతలు వేయండి. ప్రతి పూతకీ కుంచె దిశ మార్చండి, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. వేసిన పూతనే మళ్ళీ మళ్ళీ దువ్వకండి. కింది పూత కరిగి కుంచె గీతలు పడతాయి.

లోహపు రంగు గురించి. పుట్టీ రంగుని పీల్చుకుంటుంది, ప్లాస్టిక్ పీల్చుకోదు. మామూలు పచ్చ, బూడిద రంగుల కింద ఆ తేడా పెద్దగా తెలియదు, అల్యూమినియం కింద మాత్రం మరకలా కనిపిస్తుంది. అతుకు మీద మాత్రమే ప్రైమర్ చల్లి ఊరుకుంటే చాలదు, మోడల్ మొత్తం ఒకే పొర కిందికి రావాలి. పుట్టీ పని 1000 దాకా అయ్యాక మిస్టర్ సర్ఫేసర్ 1500 లాంటి సన్నటి ప్రైమర్ అంతటా కొట్టి, ఆరాక 2000 పేపర్‌తో తడిగా నిమరండి. అప్పుడు మోడల్‌ని చీకట్లో పట్టుకుని, టార్చ్‌ని ఉపరితలానికి దాదాపు సమాంతరంగా వేయండి. గీత గానీ గుంట గానీ ఉంటే నీడ పడుతుంది. ఆ చోటుకి మాత్రం పల్చటి పుట్టీ ఇంకో చుక్క పెట్టి మళ్ళీ చూడండి. నీడ పడనప్పుడే నిగనిగలాడే నల్ల బేస్, దాని మీద అల్యూమినియం. నల్ల బేస్ వేశాక కనిపించే గీతని దిద్దడం చాలా కష్టం, కాబట్టి టార్చ్ పరీక్ష ప్రైమర్ దశలోనే కావాలి.


అతుకు_పని:

తేమ గురించి నేను చెబుతాను. వానాకాలం తీరంలో రెండు రకాల ఇబ్బంది. నీటి పుట్టీ ఆరడం బాగా ఆలస్యమవుతుంది, అది అందరికీ తెలిసిందే. లాకర్‌తో వచ్చేది ఇంకోటి. థిన్నర్ త్వరగా ఎగిరేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది, పుట్టీ తెల్లగా పాలిపోతుంది. అలా పాలిపోయిన పొర బలహీనంగా ఉంటుంది, పొడిలా రాలుతుంది. రిటార్డర్ ఉన్న లెవెలింగ్ థిన్నర్ ఇక్కడ అక్కరకొస్తుంది, నెమ్మదిగా ఎగురుతుంది కాబట్టి అంతగా చల్లబడదు.

సమయం విషయంలో, పల్చటి పూతకి పొడి వాతావరణంలో నాలుగైదు గంటలు చాలు, లెవెలింగ్ థిన్నర్ కలిపితే రాత్రంతా. థిన్నర్ కలపకుండా సందులో పెట్టిన దానికి ఒక రోజు. వానల్లో ప్రతిదానికీ ఇంకో రోజు కలుపుకోండి. గడియారం కంటే నమ్మదగ్గది ముక్కు. పుట్టీ పెట్టిన చోటుని ముక్కు దగ్గరకి తెచ్చి చూడండి. థిన్నర్ వాసన ఏమాత్రం తగిలినా లోపల ఇంకా ఉన్నట్టే, పేపర్ పట్టుకోవద్దు. వేగంగా ఆరుతుందని హెయిర్ డ్రయర్ పెట్టకండి. పైపొర మూసుకుపోయి లోపలి సాల్వెంట్ బుడగలై పైకి తన్నుతుంది, మళ్ళీ సూదిమొన గుంటలే. బియ్యం డబ్బాలాంటి మూత గట్టిగా ఉండే పెట్టెలో సిలికా జెల్ సంచులతో మోడల్ ఉంచడం మంచిది, కానీ పుట్టీ పెట్టిన మొదటి గంటా మూత తీసే ఉంచండి, ఆవిరి పోవాలి కదా.

తలుపులు తీసుకుని పని చేయండి. ఎన్95 మాస్కు దుమ్మునే ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. దానికి కార్బన్ డబ్బాలున్న మాస్కు కావాలి. గది అదే అయితే దీపం, అగరుబత్తి కూడా ఆర్పేయాలి.


టరెట్_35:

విమానాల మాట మధ్యలో ట్యాంకుల మాట ఒకటి. నునుపుకి వాడే ఈ పల్చటి పుట్టీయే గరుకుకి కూడా పనికొస్తుంది. టి-34ల్లో చాలావాటి టరెట్లు (ఫిరంగి ఉండే పైభాగం), టి-55 టరెట్లు పోత పోసినవి, అసలు ట్యాంకు మీద ఉపరితలం గరుగ్గా ఉంటుంది. 1/35 కిట్లలో చాలావాటికి నున్నగానే ఇస్తారు. టరెట్ మీద ఎక్స్‌ట్రా థిన్ పూసి, దాని మీద 2-3 చుక్కల లెక్కలో పల్చన చేసిన పుట్టీని పూసి, వెంట్రుకలు పొట్టిగా కత్తిరించిన పాత కుంచెతో నిట్టనిలువుగా పొడుస్తూ పోవాలి. ఇక్కడ ఎక్స్‌ట్రా థిన్ ప్లాస్టిక్‌ని కొరకడమే మనకి కావాల్సింది. మరుసటి రోజు 600 పేపర్‌తో శిఖరాలు మాత్రం తేలిగ్గా తుంచేస్తే పోత లోహంలా కుదురుతుంది. మిగ్ చేసేవారు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేయాలి, అంటే నిలువుగా పొడవకుండా ఒక్క లాగుడుతో పూయాలి.


డెల్టా_రెక్క:

ముక్కు రింగు మెట్టు గురించి ఎవరూ చెప్పలేదు. ఫ్యూజిలాజ్ కంటే రింగు కొంచెం చిన్నది, చుట్టూ ఒకే తీరుగా మెట్టు ఉంది. అక్కడ నింపాలా, అరగదీయాలా? ఇంకోటి, పల్చన చేసిన పుట్టీ మిగిలితే దాచుకోవచ్చా?


ప్రైమర్_గ్రే:

మెట్టు చుట్టూ సమంగా ఉంటే ముందు ఫ్యూజిలాజ్ వైపు ప్లాస్టిక్‌ని అరగదీయండి. రింగు అంచు పల్చగా, పదునుగా ఉండాలి, దాని మీద పుట్టీ పేర్చితే పెదవి మందమైపోయి విమానం మొహమే మారుతుంది. అరగదీయగా మిగిలిన మెట్టుకి మాత్రం 2-3 చుక్కల పుట్టీ. రింగు మీద చుట్టూ టేపు వేసి, పుట్టీని ఫ్యూజిలాజ్ వైపు నాలుగైదు మిల్లీమీటర్ల దాకా పల్చబరుస్తూ లాగండి. మెట్టు దగ్గరే కుప్పగా పెడితే ఉబ్బు కనిపిస్తుంది. అరగదీసేటప్పుడు పేపర్‌ని సన్నటి పట్టీగా కత్తిరించి, ముక్కు చుట్టూ వేసి రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగితే గుండ్రం చెడదు. నాలుగు లాగుళ్ళకోసారి మోడల్‌ని పావు వంతు తిప్పుతూ ఉండండి.

దాచుకోవచ్చు. లోహపు మూత ఉన్న చిన్న గాజు సీసా చాలు. సగం పైదాకా నింపండి, ఖాళీ ఎక్కువైతే థిన్నర్ ఆ ఖాళీలోకే ఎగిరి పైన తోలు కడుతుంది. మూత పెట్టేముందు సీసా అంచు తుడవకపోతే మూత అతుక్కుపోతుంది. పొడి అడుగుకి చేరుతుంది, వాడేముందు టూత్‌పిక్‌తో అడుగు గీకి కలపాలి. చిక్కబడితే చుక్క థిన్నర్ వేసి సరిచేసుకోవచ్చు, అది ఎన్నిసార్లయినా. కానీ గింజలు గింజలుగా తగలడం మొదలైతే ఆ సీసా పారేయండి. ఆ గింజలు పేపర్ కింద దొర్లి, మీరు నునుపు చేసిన రెక్క మీదే గీతలు పెడతాయి.